పాత బండితో ప్రపంచ రికార్డు : బర్ట్ మన్రో జీవిత కథ



మన గోడ పత్రికలో ఇంతవరకు కొమురం భీం, సావిత్రీబాయి ఫూలే, అబ్దుల్ కలాం గార్ల జీవిత కథలు వచ్చాయి. ఈసారి నేను ఒక మెకానిక్ కథ రాస్తున్నాను. ఆయన రాజు కాదు. నాయకుడు కాదు. శాస్త్రవేత్త అని పేరున్నవాడు కూడా కాదు. ఒక పాత మోటారు సైకిలును తన షెడ్డులో తనే విప్పుకొని, తనే బిగించుకొని, ముసలితనంలో ప్రపంచ రికార్డు సాధించాడు. ఆయన పేరు బర్ట్ మన్రో. ఆయన చనిపోయి చాలా ఏండ్లయింది. అయినా బండ్లంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఆయనను ఇప్పటికీ తలచుకుంటరు.

పుట్టుక – బాల్యం

ప్రపంచ పటంలో ఆస్ట్రేలియాకు కుడి పక్కన కింద న్యూజిలాండ్ అనే దేశం ఉంటది. దాంట్లో రెండు పెద్ద దీవులు. కింది దీవి చివరన ఇన్‌వర్‌కార్గిల్ అనే పట్నం ఉన్నది. అక్కడ 1899వ సంవత్సరం మార్చి 25వ తేదీన మన్రో జన్మించాడు. అసలు పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. కవల పిల్లల్లో ఒకడు. తనతో పుట్టిన చెల్లెలు పుట్టుకలోనే చనిపోయింది. ఇతడు బతికాడు.

వాళ్ళది వ్యవసాయ కుటుంబం. పట్నానికి దగ్గర్లోని ఎడెన్‌డేల్ అనే ఊరిలో వాళ్ళ పొలం ఉండేది. చిన్నప్పటి నుంచే మన్రోకు వేగమంటే పిచ్చి. ఇంట్లో ఉన్న గుర్రాల్లో అన్నిటికంటె బాగా ఉరికే గుర్రాన్ని పట్టుకొని పొలంలో దౌడు తీయించేవాడు. తండ్రి కోప్పడేవాడు. పొలం పని తప్ప వేరే పని మీద మనసు పెట్టుట ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేదు. ఎప్పుడన్నా రైలెక్కి ఇన్‌వర్‌కార్గిల్ పోతే అక్కడ ఓడరేవు, కొత్తగా వచ్చిన మోటారు బండ్లు చూసి సంబరపడేవాడు. పెద్దయ్యాక కొన్నాళ్ళు కొండను తొలిచి రైలుకు దారి చేసే ఓటిరా సొరంగం పనికి కూడా పోయాడు. మళ్ళీ తండ్రి పిలిస్తే పొలానికి తిరిగి వచ్చాడు.

ఇండియన్ అనే బండి

1920లో, 21 ఏండ్ల వయసులో, మన్రో ఒక మోటారు సైకిలు కొన్నాడు. దాని పేరు ఇండియన్ స్కౌట్. ఈ పేరు వినగానే మన దేశంలో చేసిన బండి అనుకుంటరు. కాదు. ఆ కంపెనీ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్నంలో ఉండేది.

మరి ఇండియన్ అని ఎందుకు పెట్టారు? 1492లో కొలంబస్ ఓడలో పోయి పోయి అమెరికా పక్క దీవుల్లో దిగాడు. అది ఇండియా వైపు భూమి అనుకున్నాడు. అందుకని అక్కడి ఆదివాసులను ఇండియన్లు అన్నాడు. ఆ తప్పు పేరు అట్లనే ఉండిపోయింది. బండి పేరులోని ఇండియన్ అంటే ఆ అమెరికా ఆదివాసి. తర్వాత కాలంలో వచ్చిన ఆ కంపెనీ బండ్ల మీద ఈకల టోపీ పెట్టుకున్న ఆదివాసి తల బొమ్మ కూడా వేశారు. దండారి పండుగలో మన గుస్సాడీలు పెట్టుకునే నెమలి ఈకల టోపీ తెలిసినవాళ్ళకు ఆ బొమ్మ చూస్తే మనవాళ్ళే అనిపిస్తది. బండికి వాళ్ళ పేరు పెట్టారు, వాళ్ళ బొమ్మ పెట్టారు. గాని కంపెనీ వాళ్ళది కాదు. ఇది మన్రో చేసిన పని కాదు. అయినా ఆదివాసి పిల్లలం కాబట్టి మనం తెలుసుకొని ఉండాలని రాశాను.

ఆ బండి ఇంజిన్ 600 సీసీ. అది కొన్నప్పుడు ఎంత తిప్పినా గంటకు 88 కిలోమీటర్ల కంటె ఎక్కువ పోయేది కాదు. ఆ కాలానికి అదే ఎక్కువ. మన్రోకు మాత్రం చాలలేదు. 1926 నుంచి ఆ బండిని మార్చుట మొదలు పెట్టాడు.

షెడ్డే కార్ఖానా

మన్రో మోటారు సైకిళ్ళు అమ్మే పని, బాగుచేసే పని చేసేవాడు. పగలంతా జీతం పని. రాత్రి తన బండి పని. కొన్నిసార్లు తెల్లారేదాక పనిచేసి అట్లనే ఉద్యోగానికి పోయేవాడట. కొత్త సామాన్లు కొనేంత డబ్బు లేదు. పెద్ద మిషన్లు లేవు. కాబట్టి ఏది కావాలన్నా తనే చేసుకున్నాడు.

ఇక్కడ ఇంజిన్ గురించి కొంచెం చెప్పాలి. ఇంజిన్‌లో సిలిండర్ అనే గొట్టం ఉంటది. దాని లోపల పిస్టన్ ఉంటది. సైకిలు పంపులో లోపల పైకి కిందికి ఆడే ముక్క ఉంటది కదా, పిస్టన్ అట్లాంటిదే. పెట్రోలు ఆవిరి, గాలి కలిసి సిలిండర్‌లో మండుతయి. ఆ మంట పిస్టన్‌ను గట్టిగా తోస్తది. పిస్టన్ కింద కనెక్టింగ్ రాడ్డు ఉంటది. అది ఆ తోపును తిరుగుడుగా మారుస్తది. అప్పుడు చక్రం తిరుగుతది.

మన్రో పిస్టన్లను ఇంట్లోనే పోత పోశాడు. లోహాన్ని కరిగించి పాత డబ్బాలతో చేసుకున్న అచ్చులలో పోసేవాడు. మన జిల్లాలో ఓజాలు ఇత్తడి బొమ్మలు చేసేటప్పుడు మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయాక కరిగిన ఇత్తడి పోస్తరు. పద్ధతి వేరే గాని ఆ కష్టం చూసినవాళ్ళకు ఇది అర్థమయితది. పోతలో చిన్న గాలి బుడగ ఉన్నా ముక్క పగులుతది. బొమ్మ అయితే చూడటానికి బాగుంటే చాలు. పిస్టన్ అట్ల కాదు. నిమిషానికి వేలసార్లు మంటలో పైకి కిందికి పోవాలి.

కనెక్టింగ్ రాడ్లను పాత ట్రాక్టరు ఇరుసు ఉక్కు నుంచి కోసి, ఆకురాయితో రాకి రాకి చేశాడు. సిలిండర్లు పాత ఇనుప గొట్టాలతో చేశాడు. కొలిచే పరికరం కూడా చక్రం పుల్లతో తయారు చేసుకున్నాడు. వెంట్రుక అంత తేడా వచ్చినా ఇంజిన్ పట్టేస్తది. అట్లాంటి కొలతను ఒక పాత పుల్లతో కొలిచాడు అంటే చేతులకు ఎంత అలవాటు ఉండాలో మీరే ఆలోచించండి.

టర్బో లేకుండా

కొన్ని లారీల మీద టర్బో అని రాసి ఉంటది. మనం ఎప్పుడూ చదువుతుంటం, అర్థం తెలియదు. టర్బో అంటే ఇంజిన్‌కు బిగించే చిన్న గాలి మర. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగే ఆ మరను తిప్పుతది. మర తిరిగి బయటి గాలిని లోపలికి బలంగా కొడుతది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే మంట పెరిగినట్లే. ఎక్కువ గాలి పోతే ఎక్కువ పెట్రోలు మండుతది, బలం పెరుగుతది. స్విట్జర్లాండ్ దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి దీనికి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. 1960ల నాటికి అమెరికాలో పెద్ద ఇంజిన్ పెట్టిన కార్లు వచ్చాయి. వాటిని మజిల్ కార్లు అంటరు. మజిల్ అంటే కండ. అట్లాంటి కార్లకు ఇంటి దగ్గర షెడ్డులోనే టర్బో బిగించుకొని ఇంకా వేగం పెంచేవాళ్ళు కూడా ఉన్నారు.

మన్రో బండికి టర్బో లేదు. కాని ఆయన వెతికింది కూడా అదే. లోపలికి ఎక్కువ గాలి పోవాలి, ఎక్కువ మండాలి. దానికోసం సిలిండర్లను కొంచెం కొంచెం పెద్దవి చేసుకుంటూ పోయాడు. 600 సీసీ ఇంజిన్ చివరికి 950 సీసీ అయింది. మొదట గాలి లోపలికి, పొగ బయటికి పోయే వాల్వులు సిలిండర్ పక్కన ఉండేవి. గాలి వంకర తిరిగి పోవలసి వచ్చేది. వాటిని సిలిండర్ పైకి మార్చాడు. అప్పుడు గాలికి దారి సాఫ్ అయింది.

ఇంకొక అడ్డం బయటి గాలి. వేగం పెరిగిన కొద్దీ ఎదురు గాలి తోస్తది. రెండింతలు వేగంగా పోతే గాలి అడ్డు రెండింతలు కాదు, నాలుగింతలు అయితది. సైకిలు మీద ఎదురు గాలికి తొక్కినవాళ్ళకు తెలుసు. అందుకని చేప ఆకారంలో ఒక పెద్ద తొడుగు చేసి బండి మొత్తం దాని లోపల పెట్టాడు. తను దాంట్లో దూరి ముందుకు వాలి పడుకొని నడిపేవాడు.

పగిలినవాటి అర

ఇట్లా చేసిన ప్రతిసారి బండి బాగా నడిచిందని అనుకోవద్దు. ఎక్కువసార్లు పాడయింది. పిస్టన్లు కరిగాయి. రాడ్లు విరిగాయి. ఇంజిన్ ముక్కలు ముక్కలయింది. మళ్ళీ పోత పోశాడు. మళ్ళీ రాకాడు.

ఆ పగిలిన ముక్కలను ఏం చేశాడో తెలుసా? పారెయ్యలేదు. దాచిపెట్టలేదు. షెడ్డులో గోడకు ఒక అర కట్టి, వచ్చినవాళ్ళందరికి కనబడేటట్లు వరుసగా పేర్చాడు. ఇవి వేగం దేవుడికి పెట్టిన కానుకలు అని దాని మీద రాసి పెట్టాడు. ఎవరన్నా వస్తే ముందుగా కనబడేది ఆయన గెలిచిన కప్పులు మాత్రమే కాదు, ఆయన చెడగొట్టిన ముక్కలు కూడా.

ఒంటికి కూడా దెబ్బలు తగిలాయి. ఇన్‌వర్‌కార్గిల్ దగ్గర ఓరెటి అనే సముద్రపు ఒడ్డు ఉన్నది. అక్కడి గట్టి ఇసుక మీద పందేలు పెట్టేవాళ్ళు. 1937లో అట్లాంటి పందెంలో ఇంకొకరి బండికి గుద్దుకొని పళ్ళు పోగొట్టుకున్నాడు. ఆ మరుసటి ఏడే, 1938లో, న్యూజిలాండ్ దేశపు మొదటి రికార్డు సాధించాడు. తర్వాత ఇంకా కొన్ని సాధించాడు.

ఇక్కడ ఇంకో మాట కూడా రాయాలి. జీవిత కథ అంటే మంచి మాత్రమే రాయకూడదు. మన్రోకు 1927లో పెళ్ళయింది. నలుగురు పిల్లలు. 1947లో విడాకులు అయ్యాయి. దానికి కారణం మనం చెప్పలేము. కాని పగలంతా ఉద్యోగం, రాత్రంతా షెడ్డు అయితే ఇంటికి ఎంత సమయం మిగిలిందో లెక్క వేసుకోవచ్చు. నలుగురు పిల్లల అన్నం, బట్టలు, జ్వరాలు ఎవరో ఒకరు చూసుకొని ఉంటరు. వాళ్ళకు ఏ రికార్డూ ఇవ్వలేదు. ఆయన గొప్పతనం చదివేటప్పుడు ఇది కూడా గుర్తు పెట్టుకోవాలి.

ఉప్పు నేల మీద

ఇండియన్ కంపెనీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో బండ్లు చేయుట 1953లో ఆపేసింది. కంపెనీ పోయింది, మన్రో బండి మాత్రం ఆగలేదు. దాంట్లో కంపెనీ చేసిన ముక్కల కంటె ఆయన చేసిన ముక్కలే ముఖ్యమైనవి అయిపోయాయి.

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉన్నది. అక్కడ బోనవిల్ ఉప్పు నేల ఉంటది. వేల ఏండ్ల కింద అక్కడ పెద్ద సరస్సు ఉండేది. నీళ్ళు ఎండిపోయి ఉప్పు మిగిలింది. కంటికి ఆనినంత దూరం తెల్లగా, మన బల్ల మాదిరి చదునుగా ఉంటది. చలికాలం నీళ్ళు నిలుస్తయి, ఎండాకాలం ఆరి గట్టిపడుతది. చెట్టు లేదు, గుట్ట లేదు. అందుకే లోకంలో అందరికంటె వేగంగా పోవాలనుకునేవాళ్ళు తమ బండ్లు తీసుకొని అక్కడికి వస్తరు. ఆ ఎడారి చుట్టుపక్కల గోషూట్ అనే ఆదివాసులు తరతరాలుగా బతుకుతున్నారు. కాని నేలకు పెట్టిన పేరు వాళ్ళది కాదు, బోనవిల్ అనే ఒక సైనికాధికారిది.

మన్రో పసిఫిక్ మహాసముద్రం దాటి అక్కడికి పది సార్లు పోయాడు. మొదటిసారి ఊరికే చూసి వచ్చాడు. తర్వాత తొమ్మిదిసార్లు బండి నడిపాడు. 1962లో, 63 ఏండ్ల వయసులో, గంటకు 288 కిలోమీటర్ల వేగంతో తన తరగతి బండ్లలో ప్రపంచ రికార్డు సాధించాడు. 1966లో ఇంకొకటి.

అక్కడ రికార్డు కొలిచే పద్ధతి మనకు లెక్కల్లో వచ్చే సగటు లాంటిదే. ఒకసారి అటు పోవాలి, మళ్ళీ ఇటు రావాలి. రెండింటి సగటు తీస్తరు. ఎందుకంటే ఒక పక్క గాలి వెనక నుంచి తోస్తే ఇంకో పక్క ఎదురు వస్తది. అప్పుడే న్యాయం.

1967లో మన్రోకు 68 ఏండ్లు. బండికి 47 ఏండ్లు. రికార్డుకు అర్హత కోసం ఒక దిక్కు నడిపినప్పుడు గంటకు 305 కిలోమీటర్లు దాటాడు. ఆ ఏడే ఒకసారి మంచి వేగంలో ఉన్నప్పుడు బండి అటూ ఇటూ ఊగసాగింది. వేగం తగ్గిద్దామని లేచి కూర్చుంటే గాలికి కళ్ళద్దాలు ఊడిపోయాయి. కళ్ళు కనబడలేదు. దారి తప్పి ఒక ఇనుప గుంజ పక్కనుంచి వేళ్ళ సందు దూరంలో పోయాడు. చివరికి బండిని పక్కకు పడేసి ఆపుకున్నాడు. గీరుకుపోయిన దెబ్బలతో బయటపడ్డాడు.

ఆ సంవత్సరమే 1000 సీసీ లోపు తరగతిలో గంటకు 295.45 కిలోమీటర్ల రికార్డు ఆయన పేర రాశారు. కొన్నప్పుడు 88 పోయే బండి అది. అంటే మూడింతలు దాటింది. సెకనుకు 82 మీటర్లు. మన ఆటల పోటీల్లో వంద మీటర్ల పరుగు ఉంటది కదా, దాన్ని ఒక సెకను, ఇంకో పావు సెకనులోపే దాటిపోయేంత వేగం.

చివరి రోజులు

తర్వాత గుండె జబ్బు, వయసు మీద పడ్డాయి. 1977లో పక్షవాతం వచ్చింది. చేతులు, కాళ్ళు మునుపటి లెక్క మాట వినలేదు. అప్పుడు తన బండ్లను ఊరిలోని ఒక వ్యాపారికి అమ్మాడు, అవి తన సొంత ప్రాంతంలోనే ఉండాలని. 1978 జనవరి 6న, 78 ఏండ్ల వయసులో కన్ను మూశాడు. ఆ బండిని ఇన్‌వర్‌కార్గిల్‌లో పానాలు, మేకులు అమ్మే దుకాణంలో అందరూ చూసేటట్లు పెట్టారు. పానాలు పట్టినవాని బండికి అదే సరైన చోటు అని నాకు అనిపించింది.

2005లో ఆయన మీద ఇంగ్లీషు సినిమా వచ్చింది. దాని పేరుకు తెలుగు అర్థం లోకంలో అన్నిటికంటె వేగమైన ఇండియన్. సినిమాలో ఆయన అమెరికాకు ఒక్కసారి పోయి గెలిచినట్లు చూపించారు. సినిమా కదా, రెండు గంటల్లో అయిపోవాలి. నిజంగా అయితే పది సార్లు పోయాడు, నలభై ఏండ్లు విప్పి బిగించాడు.

ఇంకో విచిత్రం. 1967 రికార్డు లెక్కలో తప్పు ఉన్నదని ఆయన కొడుకు గమనించాడు. లెక్క మళ్ళీ చేస్తే వేగం ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. 2014లో దాన్ని 296.26 కిలోమీటర్లుగా దిద్దారు. చనిపోయిన 36 ఏండ్లకు ముసలాయన తన రికార్డును తనే మించాడు! పెద్ద సంస్థవాళ్ళు కూడా సగటు తీయుటలో తప్పు చేస్తరు. తిరిగి చూసేవాళ్ళు ఒకరుండాలి.

మనం నేర్చుకోవలసినది

మిత్రులారా, నాకు ఆయన రికార్డుల కంటె ఆ పగిలిన ముక్కల అర ఎక్కువ నచ్చింది. ఎందుకంటే మన దగ్గర అట్లా లేదు. మార్కులు వచ్చిన రోజు ఏం జరుగుతదో అందరికి తెలుసు. తక్కువ వచ్చిన పేపరును మడిచి పెట్టె అడుగున పెడతరు. కొందరు చింపేస్తరు. పండుగ సెలవులకు ఇంటికి పోయినవాళ్ళలో ఒకరిద్దరు తిరిగి రారు. ఫెయిలైతే ఇక చదువు మనది కాదు అనుకుంటరు. ఇంట్లో చెప్పేవాళ్ళు ఉండరు. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. మా అమ్మ నా పేపరులో ఎర్ర సిరా ఎక్కడ ఉంది అని చూస్తది గాని అది తప్పో ఒప్పో ఆమెకు తెలియదు. కాబట్టి మనకు మనమే చెప్పుకోవాలి. పగిలిన పిస్టన్ అంటే పని అయిపోయిందని కాదు. ఎక్కడ పగిలిందో చూసి మళ్ళీ పోత పోయాలని.

వార్డెన్ మేడం గారికి రెండు మనవులు. ఒకటి, ఈ గోడ పత్రిక పక్కన కొంచెం జాగా ఇప్పించండి. తప్పిన లెక్కలను దిద్ది అక్కడ అంటించుకుంటాము. ఎవరి పేపరో పేరు కనబడకుండా పెడతాము. రెండవది, మన బోరింగు చెడిపోయి మెకానిక్ వచ్చినప్పుడు ఆడపిల్లలను పక్కకు పొమ్మనకుండా దగ్గర నిలబడి చూడనివ్వండి. పానా పట్టుట చూస్తేనే కదా వచ్చేది.

ఈ సంవత్సరం సంక్రాంతి సెలవులకు పోయేవాళ్ళందరు తిరిగి రావాలని కోరుతూ ముగిస్తున్నాను.

– ఒక విద్యార్థిని, 9వ తరగతి